మనుషులే లేని ఫొటోలతో ‘అన్వేషణ, మానవ స్వభావం’ అని ఎగ్జిబిషన్ పెట్టొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. ఆరేళ్ళపాటు ఎడారులు, మంచుకొండలు, గుహలు తిరిగి తీసినవాటిలోంచి 340 ఫొటోలు పక్కన పెట్టుకున్నారు, ఒక గ్యాలరీవాళ్ళు హాలు ఇస్తామన్నారు, ‘అన్వేషణ, మానవ స్వభావం’ అని టాపిక్ మీరే పెట్టుకున్నారు. తీరా ఫొటోలు చూశాక వాళ్ళు ‘బాగున్నాయి కానీ టూర్ ఫొటోల్లా ఉన్నాయి, ఇందులో మానవ స్వభావం ఎక్కడుంది’ అన్నారు. మీ ఫొటోల్లో ముప్పాతిక వంతు అసలు మనుషులే లేరు. ఇప్పుడు మనుషులున్నవే ఏరుకోవాలా, లేకపోతే టాపిక్కే మార్చుకోవాలా అని మీ సందేహం.

టాపిక్ మార్చకండి, మనుషులున్నవే ఏరుకోనక్కర్లేదు కూడా. ఫొటోలో మనిషి కనపడకపోయినా ఫరవాలేదు, ఎవరో ఒకరు అక్కడ ఏదో ఒకటి తేల్చుకున్నారన్న ఆనవాలు కనపడాలి. ముందుకెళ్దామా వెనక్కి తిరుగుదామా, ఏది మోసుకెళ్దాం ఏది వదిలేద్దాం, ఎవరి ఫొటో తీద్దాం ఎవరిది వద్దు, ఇలాంటివి. ఈ జల్లెడ పట్టి చూస్తే మీ 340లో మూడొందలకి పైనే రాలిపోతాయి, మిగిలేది పాతికో ముప్పయ్యో, ఒక హాలుకి అవి చాలు. పోయేవాటిలో మీకు ప్రాణమైనవి చాలానే ఉంటాయి, ముందే చెప్తున్నాను.

నేను ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ పనే చేస్తున్నాను, వేరేవాళ్ళు తీసిన ఫొటోలు ఏరడం, వరస పెట్టడం, గోడకెక్కించడం. యాత్రలు, పర్వతారోహణ మీద చేసినవే ఒక ఏడెనిమిది ఉంటాయి. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికుంటే చదవండి.

ముందు ఆ గ్యాలరీవాళ్ళ మాట ఎందుకు నిజమో చెప్తాను. బ్రహ్మాండమైన కొండ ఫొటో చూసినవాళ్ళు ‘అబ్బ’ అంటారు, పక్క ఫొటోకి వెళ్ళిపోతారు. ఆ ‘అబ్బ’ కొండకి వచ్చింది, మీకు కాదు. అదే 1912 జనవరి 18న దక్షిణ ధ్రువం దగ్గర తీసిన ఫొటో చూడండి. బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్, ఆయనతో ఉన్న నలుగురు వరసగా ఉంటారు, ముందు కూర్చున్న బవర్స్ చేతిలో ఒక దారం కనపడుతుంది. కెమెరా నొక్కడానికి ఆరో మనిషి లేడు, అందుకని దారం కట్టి లాగుతున్నాడు. అప్పటికే నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ జట్టు అంతకుముందు డిసెంబర్ 14నే అక్కడికి చేరుకుని టెంట్ కూడా వేసి వెళ్ళిపోయింది. ఓడిపోయామని తెలిసి, చలికి వాచిపోయిన మొహాలతో, అయినా సరే మనం కూడా వచ్చినట్టు ఒక ఫొటో ఉండాలి కదా అని ఆ దారం లాగారు. తిరుగు ప్రయాణంలో ఐదుగురూ చనిపోయారు, ఫిల్మ్ ఆ నవంబర్‌లో శవాల దగ్గర దొరికింది. నాకైతే ఆ ఫొటో మొత్తంలో ముందు ఆ దారమే కనపడుతుంది. మంచు ఎలాగూ ఉంటుంది.

ఇంకో సంగతి గమనించారో లేదో, అన్వేషణ ఫొటోల్లో అసలు మనిషి చాలాసార్లు ఫ్రేములో ఉండడు. 1953 మే 29న ఎవరెస్ట్ పైన టెన్జింగ్ ఐస్ యాక్స్ ఎత్తి నిలబడ్డ ఫొటో ఉంది, హిల్లరీది లేదు, ఎందుకంటే తీసింది ఆయనే. చంద్రుడి మీద మొదట కాలుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా అంతే. 1969లో అక్కడ తీసిన స్టిల్ ఫొటోల్లో ఆయన ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఎక్కువసేపు కెమెరా ఆయన దగ్గరే ఉంది. అందరికీ తెలిసిన ఆ వ్యోమగామి ఫొటో ఆల్డ్రిన్‌ది, అందులో ఆర్మ్‌స్ట్రాంగ్ ఎక్కడున్నాడంటే ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దంలో చిటికెన వేలంత తెల్లటి బొమ్మ. మీరు తీసిన ఫొటోల్లో మీరు లేకపోవడం లోటు కాదు, కాకపోతే మీరు అక్కడ నిలబడి ఉన్నారన్న సంగతి చూసేవాళ్ళకి తెలియాలి. మీ నీడ, మీ అడుగులు, మీకోసం ఆగి చిరాకు పడుతున్న తోటివాడి మొహం, ఏదో ఒకటి.

నా దగ్గర జరిగింది ఒకటి చెప్తాను. గుహల్లోకి దిగే టీమ్‌తో తిరిగే ఒక ఫొటోగ్రాఫర్ ఆరొందల ఫ్రేములు తెచ్చారు. ఆయన ముందు పరిచినవన్నీ పెద్ద పెద్ద గుహ హాళ్ళు, పైనుంచి వేలాడే సున్నపు స్తంభాలు, లైట్లు పెట్టి ఓపిగ్గా తీసినవి. బాగానే ఉన్నాయి, పదో ఫొటోకి వచ్చేసరికి నాకే ఆవలింత వచ్చింది. వద్దనుకుని పక్కన పడేసిన ఫోల్డర్ ఇవ్వండి అన్నాను (ఇది ప్రతిసారీ అడుగుతాను, సగం ఎగ్జిబిషన్ ఎప్పుడూ అందులోనే దాక్కుని ఉంటుంది). అందులో ఒకటి, ఫ్రేము మూడొంతులు కటిక నలుపు, కింది మూల ఒక చెయ్యి ముందున్నవాడి చొక్కా చెయ్యిని పట్టుకుని ఉంది. బొటనవేలి గోరు కింద మట్టి, పట్టుకున్న చోట గుడ్డ పిండినట్టు మెలితిరిగి ఉంది, మొహాల్లేవు. ఇదెవరండీ అంటే ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వారు. టీమ్‌లో అందరికంటే అనుభవం ఉన్నాయనట, హెడ్‌లైట్లు రెండూ ఒకేసారి మొరాయించిన ఆ నిమిషంలో పక్కవాడి చొక్కా దొరకబుచ్చుకున్నాడు, ఈయన కంగారులో కెమెరా నొక్కుకుపోయి ఫ్లాష్ వెలిగింది. బయటికొచ్చాక ఆ సంగతి ఎవ్వరూ ఎత్తలేదట. ఆ చెయ్యి ఎవరిదో ఆయన్ని అడిగి, ఆయన ‘పెట్టండి, పేరు మాత్రం వద్దు’ అన్నాకే గోడకెక్కించాం. గుహ హాళ్ళవి రెండే ఉంచాం, అవీ ఆ చెయ్యికి ముందు వచ్చేలా, అంటే ఆ చీకటి ఎంత పెద్దదో తెలిశాక ఆ చెయ్యి కనపడాలన్నమాట. జనం అక్కడే ఆగిపోయేవాళ్ళు.

ఇక ఏరడం ఎలాగంటే, స్క్రీన్ మీద మాత్రం ఏరకండి. 340కీ పోస్ట్‌కార్డు సైజు ప్రింట్లు తీయించి నేల మీద పరవండి, నాసిరకం ప్రింట్లయినా ఫరవాలేదు, స్క్రీన్ మీద ప్రతిదీ వెలుగుతూ అందంగానే కనపడుతుంది. మొదటి రోజు ఏమీ తియ్యకుండా ఊరికే నడుస్తూ చూడండి. రెండో రోజు ఒక్కో ఫొటో పట్టుకుని ఇక్కడ ఎవరు ఏం తేల్చుకున్నారు అని అడగండి, జవాబు రాకపోతే బోర్లా పెట్టెయ్యండి. ‘లైటింగ్ బాగుంది కదా’ అని మనసు లాగుతుంది, లాగనివ్వండి, బోర్లాయే పెట్టండి. మూడో రోజు ఈ ప్రయాణాలతో సంబంధం లేని మనిషిని ఒకరిని పిలిచి నోరు మూసుకుని కూర్చోండి, వాళ్ళు దేని దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నారో చూడండి. మీరు మాత్రం ‘ఆ రోజు ఏమైందంటే’ అని కథ ఎత్తకూడదు, గోడ పక్కన మీరు రోజంతా నిలబడి చెప్పలేరుగా.

తీసెయ్యాలంటే చెయ్యి రాదు, తెలుసు. 1915లో అన్వేషకుడు షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్‌ని అంటార్కిటికా మంచు నలిపేసినప్పుడు ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ ఆ మంచునీళ్ళలోకే దిగి గ్లాస్ ప్లేట్ల (అప్పట్లో ఫిల్ము బదులు వాడే గాజు నెగెటివ్‌ల) డబ్బాలు బయటికి లాగాడు. కానీ అంత బరువు మోసుకెళ్ళే దారి లేదు. షాకిల్టన్, హర్లీ కూర్చుని ఒక్కోటీ చూసి ఓ 120 ఉంచుకున్నారు, దాదాపు 400 వదిలేశారు, మళ్ళీ మనసు మారి వెనక్కి తెచ్చుకోకుండా వద్దనుకున్నవాటిని అక్కడికక్కడే పగలగొట్టేశారు. ప్రాణం పెట్టి తీసినవి, ప్రాణం మీదికి తెచ్చుకుని బయటికి లాగినవి! మిమ్మల్ని ఫైళ్ళు డిలీట్ చెయ్యమనట్లేదండోయ్, బోర్లా పెట్టినవాటిని ఓ నెల పాటు కంటికి కనపడనిచోట పెట్టండి చాలు.

‘మానవ స్వభావం’ అనే మాట దగ్గర ఒక పెద్ద గొయ్యి ఉంది, అందులో నేనూ పడ్డాను. ఏ దేశం వెళ్ళినా మనుషులంతా ఒక్కటే, నవ్వొక్కటే, కన్నీరొక్కటే అని గోడ నిండా నవ్వుమొహాలు పెట్టేస్తాం. దీనికి పెద్దన్న లాంటిది 1955లో న్యూయార్క్ మోమా (మోడరన్ ఆర్ట్ మ్యూజియం)లో ఎడ్వర్డ్ స్టైకెన్ పెట్టిన ‘ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ ఎగ్జిబిషన్. 68 దేశాల నుంచి 273 మంది తీసిన 503 ఫొటోలు, పుట్టుక, ప్రేమ, పని, చావు అని గుంపులు గుంపులుగా, ఒక్కో సైజులో ఒక్కోటి, కొన్ని పైకప్పు నుంచి వేలాడదీసి. ఇప్పటికీ లక్సెంబర్గ్‌లో క్లెర్వో కోటలో ఉంది. డిస్‌ప్లే విషయంలో ఈరోజుకీ దాని దగ్గర నేర్చుకోవాల్సింది బోలెడు. కానీ ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ అప్పుడే ఒక మాట పట్టుకున్నాడు, అందరూ పుడతారు అందరూ పోతారు అంటే సరిపోయిందా, ఎవరు ఏ పరిస్థితుల్లో పుడుతున్నారు, ఎవరి కష్టం ఎవరికి పోతోంది అన్న చరిత్ర అంతా ఇందులో మాయమైపోయింది కదా అని. నేను ఆ విమర్శ పక్కనే ఉంటాను. కాబట్టి మీ వాల్ టెక్స్ట్‌లో (గోడ మీద రాసే పరిచయంలో) ‘మనమంతా ఒక్కటే’ అన్న ధోరణి కనపడితే కొట్టెయ్యండి. భయం, గొప్పలకి పోవడం, విసుగు, పంతం, పక్కవాడి వాటా మీద కన్ను, ఇవి చూపించండి, అందరిలో ఉండేవి ఇవి కూడాను.

అన్వేషకుడు ఏం చూద్దామని వెళ్తాడో అదే చూసొస్తాడు, అది కూడా మానవ స్వభావమే. ఎడ్వర్డ్ కర్టిస్ అని, అమెరికాలో ఆదివాసీ జాతుల ఫొటోలు 20 సంపుటాలు తెచ్చాడు, 1907 నుంచి 1930 దాకా. అందులో పీగన్ జాతివాళ్ళ గుడారంలో ఇద్దరు కూర్చున్న ఫొటో ఒకటి ఉంది, వాళ్ళిద్దరి మధ్యలో ఒక గడియారం ఉండేది. నెగెటివ్‌లో ఉంది, అచ్చేసిన ప్రింట్‌లో లేదు, చెరిపేశారు. కాలంతో సంబంధం లేని మనుషుల్ని చూపిద్దామనుకున్నవాడికి ఆ గడియారం అడ్డమొచ్చింది. మీ 340లో కూడా మీరు క్రాప్ చేసేసిన గడియారాలు ఏమున్నాయో చూసుకోండి, ప్లాస్టిక్ సీసానో, మొబైల్ టవరో, వెనకాల నిలబడ్డ ఇంకో టూరిస్టో. ఒకట్రెండు ఫొటోలు క్రాప్ లేకుండా పూర్తి ఫ్రేమ్‌తో పెట్టి చూడండి, హాలు మూడే మారిపోతుంది.

ఇక క్యాప్షన్లు. ఇక్కడే నా పరువు పోయింది ఒకసారి. కొండ అంచున నిలబడి కిందికి చూస్తున్న ఒక మనిషి ఫొటో, నేను కవి హృదయంతో ‘అనంతంతో ఒంటరి సంభాషణ’ అని రాసి, కింద ‘గైడ్’ అని ఒక్క ముక్క పెట్టాను. ప్రారంభం రోజు ఆ గైడే వచ్చారు, ఫొటోగ్రాఫర్ పిలిచారట. ఆయన క్యాప్షన్ రెండుసార్లు చదువుకుని నన్ను చూసి ‘అనంతం ఏమీ లేదండీ, కింద క్యాంపులో పొయ్యి వెలిగించారా లేదా అని చూస్తున్నాను, వీళ్ళందరి సామాను నా వీపు మీదుంది’ అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ తర్వాత ‘నా పేరు కూడా లేదు’ అన్నప్పుడు నవ్వలేదు. రాత్రికి రాత్రి మార్పించి, ఆయన పేరు, ఎత్తు, తేదీ, ఆ రోజు ఆయన మోసిన బరువు వేశాను. ఆ కొత్త క్యాప్షన్‌తో ఫొటో పదిరెట్లు బాగుంది, అది ఇంకా సిగ్గుచేటు.

అప్పట్నుంచి నా రూలు ఒకటే, క్యాప్షన్‌లో ఫీలింగ్ రాయను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఆ ముందు నిమిషం ఏమైంది, అంతే, నలభై మాటలు మించకుండా. సామాను మోసినవాళ్ళు, దారి చూపించినవాళ్ళు ఎవరున్నా ఒప్పుకుంటే పేరుతో వెయ్యండి. 1860ల్లో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ హిమాలయాల్లోకి వెళ్ళినప్పుడు గాజు ప్లేట్లు, రసాయనాలు, డార్క్‌రూమ్ టెంటు మోయడానికే పదులకొద్దీ కూలీలుండేవాళ్ళు, ఫొటోల కింద ఆయన పేరు మిగిలింది. మనం ఇంకా అదే పద్ధతిలో ఉంటే ఎలా?

ఎడిటింగ్ గురించి అడిగారు కదా, ఆకాశం మార్చొచ్చా, రెండు ఫ్రేములు కలపొచ్చా అని. ఆర్ట్ ఎగ్జిబిషన్ కాబట్టి చెయ్యొచ్చు, చేసినట్టు చెప్పాలి. స్పానిష్ ఫొటోగ్రాఫర్ క్రిస్టినా డి మిడెల్ 1964 నాటి జాంబియా అంతరిక్ష ప్రయత్నం మీద ‘ఆఫ్రోనాట్స్’ అని మొత్తం సెట్ చేసి తీసింది, ఎవరూ మోసం అనలేదు, ఎందుకంటే అది కల్పన అని తనే చెప్పింది. పైన చెప్పిన హర్లీయే ఇంకోవైపు ఉన్నాడు. అంటార్కిటికా దగ్గరి ఎలిఫెంట్ ఐలాండ్ నుంచి షాకిల్టన్ చిన్న పడవలో సాయం కోసం బయల్దేరుతుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు చేతులూపే ఫొటోని, కొంచెం చెక్కి మార్చాక, నాలుగు నెలల తర్వాత జరిగిన రక్షణ ఫొటోగా జనానికి చూపించారు. వీడ్కోలు కాస్తా స్వాగతం అయిపోయింది. ఫొటో గొప్పదే, కానీ ఆ సంగతి తెలిశాక హర్లీ మిగతా ఫొటోలు కూడా జనం అనుమానంగానే చూస్తారు. మీకెందుకు ఆ గొడవ.

గోడ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫొటో మధ్య గీత నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో రావాలి, పెద్దవీ చిన్నవీ అన్నిటికీ అదే గీత, పైఅంచులు కలపడానికి చూడకండి. లైటు పైనుంచి 30 డిగ్రీల వాలులో పడితే మెరుపు కళ్ళలో కొట్టదు. గుహల ఫొటోల్లాంటి నల్లటి ప్రింట్లకి మామూలు గాజు వేశారో అది అద్దమైపోతుంది, జనం తమ మొహాలే చూసుకుంటారు, రిఫ్లెక్షన్ రాని గాజు వేయించండి, లేదా గాజు లేకుండా మ్యాట్ పేపర్ మీద వేయించండి. పాత ప్రింట్లు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చిపెడుతుంటే ఆ మూల లైటు 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గరే ఉంచమని వాళ్ళే అడుగుతారు, దానికి ముందే ప్లాన్ చేసుకోండి.

సైజు గురించి మాత్రం ఆగి ఆలోచించండి. అన్నీ పెద్దవి చేయిద్దామని అందరికీ ఉంటుంది. నేనొకసారి గుమ్మానికి ఎదురుగా మనిషెత్తు కొండ ప్రింటు పెట్టాను, జనం దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగారు, లోపల చిన్న ఫొటోల దగ్గరికి వెళ్ళేసరికి ఓపిక అయిపోయింది. మనిషికి సంబంధించినవి చిన్నవి చెయ్యండి, దగ్గరికి వచ్చి వంగి చూసేలా. అపోలో 16లో చార్లీ డ్యూక్ 1972 ఏప్రిల్‌లో తన కుటుంబం ఫొటో ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి చంద్రుడి మట్టి మీద వదిలి దానికో ఫొటో తీశాడు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, చుట్టూ బూడిద రంగు దుమ్ము. దాన్ని గోడంత చేస్తే పోస్టర్ అవుతుంది, అరచేతి సైజులో పెడితే ఎవరిదో పర్సులోంచి జారిపడినట్టు ఉంటుంది. ఏ వైపు పైకి పెట్టాలన్నది కూడా మీ చేతిలోనే ఉంది. 1968 డిసెంబర్ 24న అపోలో 8 వ్యోమగామి బిల్ ఆండర్స్ తీసిన భూమి ఉదయించే ఫొటోలో అసలు చంద్రుడి అంచు నిలువుగా ఉంటుంది, మనం చూసేది తిప్పి పెట్టింది. తిప్పాకే అది ‘ఉదయం’ అయింది.

వరస విషయంలో నా అలవాటు, చేరుకున్న ఫొటోతో ముగించను. శిఖరం ఫొటో మీ దగ్గర ఎంత గొప్పది ఉన్నా మధ్యలో ఎక్కడో పెట్టండి. 1897లో ఆంద్రే అనే స్వీడన్ ఆయన ఇద్దరితో కలిసి బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరాడు, మూడు రోజుల్లో మంచు మీద పడిపోయారు, ముగ్గురూ తిరిగి రాలేదు. 33 ఏళ్ళ తర్వాత, 1930లో వాళ్ళ అవశేషాలతో పాటు ఫిల్మ్ దొరికితే 93 ఫొటోలు బయటపడ్డాయి. అందులో ఒకటి, పక్కకి ఒరిగిపోయిన బెలూన్, దాని ముందు ఇద్దరు మనుషులు ఊరికే నిలబడి చూస్తున్నారు. మూడోవాడు స్ట్రిండ్‌బెర్గ్ కాస్త దూరం నడిచి వెళ్ళి, కెమెరా సరిచేసుకుని అది తీశాడు. కొంప మునిగిన రోజున కూడా ఫ్రేమ్ చూసుకున్నాడన్నమాట.

ఇక మీరు ప్రశ్నతో పాటు పెట్టిన పన్నెండు ఫొటోల సంగతి. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది, పదకొండు తీసెయ్యండి, అందమైనవే, కొండలవి. నాలుగోది, ఇసుకలో రెండు జతల అడుగులు ఒకచోట విడిపోయి మళ్ళీ కలిసింది, ఉంచండి, ఎందుకు విడిపోయారో క్యాప్షన్‌లో చెప్పకండి, తేదీ వెయ్యండి చాలు. ఏడోది ఫోకస్ సరిగా లేదు కాబట్టి పడేద్దామనుకుంటున్నా అని రాశారు, టెంటు లోపల తీసింది, గుడ్డ మీద ఊపిరి గడ్డకట్టి తెల్లగా ఉంది, మూలన నోట్‌బుక్‌లో రోజులు లెక్కపెట్టిన గీతలున్నాయి. పెద్దది చేసి చూశాను, పదకొండో గీత గీసి మళ్ళీ కొట్టేసి ఉంది. ఎవరో ఒక రోజు ముందే గీసేసుకుని, పట్టుబడి, దిద్దుకున్నారు. దాన్ని 18 బై 24 సెంటీమీటర్లు దాటకుండా వేయించండి, ఆ సైజులో ఫోకస్ లోపం తెలియదు, గీతలు తెలుస్తాయి. ఆ నోట్‌బుక్ ఎవరిదో వాళ్ళని అడిగి, సరే అంటే బయటికెళ్ళే గుమ్మం పక్కన, ఒంటరిగా పెట్టండి. ఒరిజినల్ ఫైల్ ఎన్ని పిక్సెళ్ళు ఉందో ఇక్కడ రాస్తే ఏ పేపర్ బాగుంటుందో చెప్తాను.